చెక్ ట్రే ఎత్తేలోపు

పది గంటలకల్లా నరేంద్రబాబుకి ఫోన్ చేసి అవుననో కాదనో చెప్పాలి, ఇప్పుడు తొమ్మిది దాటి ఐదు నిమిషాలు, రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూడటానికి ఆదిశేషమ్మ ఎనిమిదిన్నరకి చెరువులోకి దించిన చెక్ ట్రేని కూడా పదికే ఎత్తుతుంది, అంటే ఈ యాభై ఐదు నిమిషాలూ ఈ గట్టు మీద నేను చేయవలసింది ఆలోచించడం ఒక్కటే, ఆ పని నాకు కూర్చుంటే చేతకాదు, అందుకే ఈ మూల నుంచి ఆ మూలకి నడుస్తున్నాను, మళ్ళీ వెనక్కి వస్తున్నాను, చెరువుకి గాలి ఎక్కించే ఏరేటర్లు నీళ్ళని కొడుతున్న చప్పుడులో నా మాట నాకే సరిగా వినపడటం లేదు, ఇంతకీ నేను పైకే మాట్లాడుతున్నానా ఏమిటి, ఆదిశేషమ్మ షెడ్డు దగ్గర మేత బస్తాల మీద కూర్చుని నన్నే చూస్తోంది. "అమ్మణ్ణీ, ఆడ పీతల కంచె కాలికి తగులుద్ది, చూసి నడువు," అని అరిచింది. సముద్రంలోంచి పీతలు పాక్కుంటూ వచ్చి రోగాలు అంటించకుండా చెరువు చుట్టూ కట్టిన మోకాలెత్తు నీలం వల అది. చూసి నడవడం నాకు రాదు పెద్దమ్మా, వస్తే నిన్న సాయంత్రం ఆఫీసులో అలా నోరు మూసుకుని కూర్చునేదాన్నా.

నిన్న సాయంత్రం సంగతి తలచుకోకూడదనే తెల్లవారుజామున కావలిలో రైలెక్కాను, గూడూరులో దిగి కోట వెళ్ళే బస్సు పట్టుకున్నాను, ఆదిశేషమ్మ చెరువు లెక్క ఫోన్‌లో సరిగా కనపడటం లేదట, వెళ్ళి చూసి వస్తానని నరేంద్రబాబుకి మెసేజ్ పెట్టాను, నిజానికి ఆ ఫిర్యాదు ఫోన్‌లోనే రెండు నిమిషాల్లో సర్దేయవచ్చు. పారిపోయి వచ్చాను, అంతే. రైలు కిటికీ పక్కన కూర్చున్నా ఎవాంజెలిన్ మొహమే. కావలిలో ఎరువుల దుకాణం పైన రెండు గదులు మా ఆఫీసు, నేనూ నరేంద్రబాబూ కలిసి మూడేళ్ళ కింద పెట్టుకున్న కంపెనీ, రొయ్యల చెరువులకి మేత, నీళ్ళు, మందులు, అన్నీ ఫోన్‌లో రాసుకుని చూసుకునే సాఫ్ట్‌వేర్, దాని పేరు 'మడవ', చేనుకి నీళ్ళు వదిలే మడవే, ఆ పేరు నేనే పెట్టాను. పంటకోసారి రైతు చందా కడతాడు. మాతో పనిచేసే మూడో మనిషి ఎవాంజెలిన్ ఒక్కతే, ఆమె పని రాయడం, రొయ్య పేగు తెల్లబడితే ఏమిటి, వాన పడిన మర్నాడు నీళ్ళు రంగు మారితే ఏమిటి, తోక ఎర్రబడితే ఏమిటి, ఇలాంటివి రైతులకి ఫోన్ చేసి అడిగి, వాళ్ళ మాటల్లోనే తెలుగులో రాసి మా సైట్‌లో పెడుతుంది, ఎవరైనా గూగుల్‌లో వెతికితే అవి కనపడాలని, కనపడి చదివినవాళ్ళు మా మనుషులు కావాలని. నిన్న ఆరింటికి నరేంద్రబాబు కుర్చీ ఆమె వైపు తిప్పుకుని చాలా మర్యాదగా, వచ్చే నెల నుంచి కష్టమమ్మా, ఏమీ అనుకోకు, అన్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను కీబోర్డు వైపు చూశాను. ఆ మీటల మధ్య ఇరుక్కున్న బిస్కెట్టు పొడిని అంత శ్రద్ధగా జీవితంలో ఎప్పుడూ చూడలేదు. "సరే సార్," అంది ఎవాంజెలిన్. తర్వాత, "సగం రాసిన ముక్క ఒకటి ఉంది సార్, పూర్తి చేసి పోనా?" అని అడిగింది. ఉద్యోగం తీసేస్తున్నామంటే సగం రాసిన ముక్క గురించి అడిగే మనిషి ఎవరుంటారు. నాకు సిగ్గేసింది, ఇప్పటికీ వేస్తోంది, ఈ ఉప్పుగాలిలో చెమట పట్టిన మొహం మీద కూడా అది మంటగా తెలుస్తోంది.

తొమ్మిదీ పదమూడు. సరే, ఆలోచిద్దాం, పద్ధతిగా. చేతిలో ఉన్న డబ్బు నాలుగు నెలలకి వస్తుంది, రెండు దారులకీ పంచితే రెండూ చాలవు. మొదటి దారి యాడ్‌లు, గూగుల్‌కి డబ్బు కడితే, రైతు ఏదైనా వెతగ్గానే అన్నిటికన్నా పైన మన పేరు వేస్తుంది, నొక్కిన ప్రతిసారీ మన డబ్బు కాస్త పోతుంది, కట్టడం ఆపిన మరుక్షణం ఆ పేరు అక్కడ ఉండదు. రెండో దారి ఎవాంజెలిన్, రాసినవి రాసినట్టు ఉంటాయి, ఆరు నెలలకో ఏడాదికో గూగులే వాటిని నమ్మి పైకి తెస్తుంది, తేకపోనూ వచ్చు. ఆ తేకపోనూ వచ్చు అన్న మాట దగ్గరే నా ఆలోచన ఆగిపోతోంది. నరేంద్రబాబు చెడ్డవాడేం కాదు, వాళ్ళ నాన్న రెండెకరాల వరి మీద అతన్ని చదివించాడు, పంట చేతికొస్తుందో రాదో అన్న భయంలోనే పుట్టి పెరిగిన మనిషి, అందుకని చూపించగలిగిన దాన్నే నమ్ముతాడు. చార్టు చూపించాడు. ఈ పంటకి కొత్తగా ఖాతా తెరిచి చందా కట్టినవాళ్ళలో పదిమందికి ఏడుగురు యాడ్ నొక్కి వచ్చినవాళ్ళే. ఎవాంజెలిన్ రాతలు చదివి వచ్చినవాళ్ళు పదికి ఒక్కరు కూడా సరిగా లేరు. చెన్నై ఏజెన్సీలో మా పని చూసే ఫ్రెడ్డీ స్పీకర్‌లో నవ్వుతూ, "మేడమ్, నేను చెప్తే నమ్మవద్దు, డేటా చెప్తే నమ్మండి," అన్నాడు. దానికి నేనేం చెప్పాలి. ఆ ముక్కలు బాగుంటాయి, నాకు ఇష్టం, అనాలా. ఇష్టాన్ని చార్టులో ఏ రంగుతో గీస్తారు. పదింపావుకి ఫ్రెడ్డీ నాలుగు నెలల ఒప్పందం పంపుతాడు, నేను ఊ అంటే నరేంద్రబాబు సంతకం పెడతాడు.

మా అమ్మని అడిగితే ఏమంటుంది, గురవమ్మని. అడగక్కర్లేదు, నాకు తెలుసు. జువ్వలదిన్నెలో పడవలు ఒడ్డుకి రాగానే మా నాన్న చెంచయ్య తెచ్చిన చేపలు గంపకెత్తుకుని కావలి బస్సెక్కేది, ట్రంకు రోడ్డులో దిగి వీధి వీధీ అరుచుకుంటూ తిరిగేది, సెలవు రోజుల్లో నేను వెనకాల, ఐసునీళ్ళు ఆమె వీపు మీంచి కారి చీర తడిసిపోతుంటే ఆ తడిని చూసుకుంటూ నడిచేదాన్ని, ఆ గొంతు వింటే నాకు కోపం వచ్చేది, అంత గట్టిగా అరవాలా, మా క్లాసు పిల్లలు ఆ వీధిలోనే ఉంటారు గదా. మార్కెట్ మూల మీద ఒకావిడ చాప వేసుకుని కూర్చునేది, అరిచేది కాదు, జనమే ఆమె దగ్గరికి వెళ్ళేవాళ్ళు, నువ్వూ అట్లా కూర్చోవచ్చు గదమ్మా అన్నాను ఒకరోజు. "కూసుంటా," అంది గంప దించుకుంటూ, "కూసున్న కాడికి జనం రావాలంటే ఏడాది కూసోవాలి. ఆ ఏడాది నువ్వేం తింటావు?" ఇదిగో, ఈ ప్రశ్నే నరేంద్రబాబు నిన్న వేరే మాటల్లో అడిగాడు. నాన్నకి జ్వరం వచ్చి పదిహేను రోజులు ఆమె వీధుల్లోకి వెళ్ళకపోతే, మళ్ళీ వెళ్ళేటప్పటికి రెండు వీధులు వేరే గొంతుకి అలవాటు పడిపోయాయి, అదీ చూశాను. అరిస్తే ఈ పూట గడుస్తుంది, ఆపితే ఎవరికీ గుర్తుండం. రెండూ నిజమే, రెండూ మా ఇంట్లోనే చూశాను, అయినా ఏది ఎంచుకోవాలో తెలియడం లేదంటే ఇన్నేళ్ళూ ఏం నేర్చుకున్నట్టు.

మొదట్లో యాడ్‌లు వేసినప్పటి ఫోన్లు గుర్తొచ్చి నవ్వొస్తోంది, నవ్వే వేళ కాదు గానీ వస్తోంది. రొయ్యలు అన్న మాట కొని పెట్టాం, ఎవరైనా రొయ్యలు అని వెతికితే మేం పైన కనపడాలని, వారం రోజులు నా ఫోన్ మోగుతూనే ఉంది, కిలో ఎంతమ్మా, పొట్టు తీసి ఇస్తారా, ఐసు వేసి పంపుతారా, ఒకాయన అయితే పెళ్ళికి నూటయాభై కిలోలు కావాలి అడ్వాన్సు ఎంత ఇవ్వాలి అన్నాడు, మేం సాఫ్ట్‌వేర్ అమ్ముతామండీ అంటే, అది ఏ రకం రొయ్య, అని అడిగాడు. ఆ తర్వాతే ఫ్రెడ్డీ వచ్చి మాటల జాబితా అంతా మార్చాడు, చెరువు లెక్కలు, మేత పట్టిక, అట్లాంటివి, చివర్లో మా పేరు కూడా చేర్చాడు, మడవ అని వెతికినవాళ్ళకి కూడా మన యాడే పైన రావాలి, లేకపోతే పోటీవాళ్ళు మన పేరు మీద వాళ్ళ యాడ్ వేసుకుంటారు అని. సరే కదా అనుకున్నాం. అప్పటి నుంచే చార్టు ఎగబాకింది, పంట పంటకీ కొత్త ఖాతాలు, నరేంద్రబాబు మిఠాయి తెచ్చాడు. మరి డబ్బు ఎందుకు పెరగడం లేదు అని నేను అడిగితే, పాతవాళ్ళు మానేస్తున్నారు, చూడు, పోయిన పంట ఖాతాల్లో సగం పైగా చప్పుడే లేదు, యాడ్‌లే లేకపోతే ఈ పాటికి మునిగేవాళ్ళం అన్నాడు. ఆ రోజు నుంచీ నాకు సరిగా నిద్ర లేదు, మానేసిన వాళ్ళంతా ఎవరు, ఏం తప్పు చేశామని మానేశారు, ఒక్కరూ తిట్టను కూడా తిట్టకుండా ఎట్లా వెళ్ళిపోయారు.

తొమ్మిదీ ఇరవై ఎనిమిది. "కాళ్ళు నొప్పి పుట్టవా నీకు, వచ్చి కూసో," అని ఆదిశేషమ్మ పిలిచింది, వెళ్ళి బస్తా మీద కూర్చున్నాను, చేపపొడి వాసన, మేత వాసన, ఈ వాసన బట్టలకి పట్టిందంటే రెండు ఉతుకుల దాకా పోదు. ఆమెకి యాభై దాటాయి, భర్త పోయాక ఈ రెండు చెరువులూ తనే నడుపుతోంది, రెండేళ్ళ పైనుంచీ మా మనిషి, నేను గట్టు గట్టూ తిరిగి చేర్చుకున్న మొదటి నలభైమందిలో ఒకతె. "మొన్న మీ పాప ఫోన్ చేసినాది, ఏదో ఇంగ్లీషు పేరు ఉంటదే, ఆ పాప," అంది. ఎవాంజెలిన్, అన్నాను. "ఆ, ఆ పాపే. ట్రే గురించి అడిగినాది. నేను చెప్తా ఉంటే కరెంటు పొయ్యినాది, ఏరేటర్లు ఆగిపొయ్యినాయి, ఫోన్ ఆడ పారేసి జనరేటర్ కాడికి ఉరికినా. మళ్ళా చెయ్యనే లేదు నేను. ఏమనుకున్నాదో ఏమో." ఏమీ అనుకోదు పెద్దమ్మా, ఆ పాప ఏమీ అనుకోదు, అదే నా బాధ.

లెక్క కనపడటం లేదన్నావు గదా, ఏదీ తెరువు చూద్దాం, అన్నాను మాట మార్చడానికి. ఆమె జాకెట్టులోంచి ఫోన్ తీసింది, తడి చేతిని పమిటకి తుడుచుకుంది, నోటి దగ్గర పెట్టుకుని, పక్కింటి మనిషిని పిలిచినట్టు, "మడవ తియ్," అంది. గూగుల్ వెతికింది. అన్నిటికన్నా పైన మా యాడ్, పక్కన స్పాన్సర్డ్ అని చిన్న అక్షరాలు, ఆమె వేలు దాని మీదే పడింది, మా పేజీ తెరుచుకుంది. నేను ఆ వేలినే చూస్తూ ఉండిపోయాను. రోజూ ఇట్లాగే తెరుస్తావా పెద్దమ్మా? "మరెట్టా తెరిచేది? నువ్వే గదా చెప్పినావు, ఫోన్‌లోకి ఏమీ ఎక్కించుకోనక్కర్లా, పేరు చెప్తే వచ్చుద్దని. పొద్దున మేత వేసేటప్పుడు ఓసారి, ట్రే ఎత్తినప్పుడు ఓసారి, మధ్యాన్నం, సాయంత్రం." నిజమే, నేనే చెప్పాను, ఫోన్లలో చోటు ఉండదని, మనవళ్ళ ఫొటోలూ వీడియోలతోనే నిండిపోయి ఉంటాయని, బరువు లేకుండా వెబ్‌లోనే తెరుచుకునేలా చేసింది మేమే. ఈమె ఒక్కతే రోజుకి నాలుగుసార్లు నొక్కుతోంది. ఈ ఉప్పునీటి చెరువుల పొడుగునా పొద్దున్నే మేత వేస్తూ ఎంతమంది ఇట్లా పేరు చెప్పి పైన కనపడిన దాన్ని నొక్కుతున్నారో. మా ఇంటికి మేం రావడానికి దారిలో ఎవరికో సుంకం కడుతున్నాం, కడుతూ, చూడండి ఎంతమంది వస్తున్నారో అని మిఠాయిలు పంచుకున్నాం. లేచి నిలబడ్డాను.

కానీ ఆగు, అంత తొందరపడకు, పాతవాళ్ళు నొక్కుతున్నారు సరే, చార్టులో ఉన్నది కొత్త ఖాతాలు గదా, చందా కట్టి కొత్తగా తెరిచినవి, అవి ఎక్కడి నుంచి వచ్చాయి. ఈ ప్రశ్న పట్టుకుని గట్టు మీద సగం దూరం వెళ్ళాను, రెండో ఏరేటర్ దగ్గర ఆగిపోయాను, ఎందుకంటే జవాబు నా దగ్గరే ఉంది, రెండేళ్ళుగా ఉంది. ఇదే చెరువు, ఇదే ఆదిశేషమ్మ, అప్పుడు తెల్లమచ్చ తెగులు పడి పంట మొత్తం పోయింది, మూడు నెలలకి చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, కొత్త రొయ్యపిల్లల్ని పోసింది, నేను వచ్చి ఫోన్‌లో పాత లెక్క కిందే కొత్త పంట మొదలుపెట్టబోతే నా చేయి పట్టుకుంది. "వొద్దు అమ్మణ్ణీ. చచ్చిన పంట రాసిన పుస్తకంలో కొత్త పంట రాయను. ఆ పుస్తకం మూసెయ్. కొత్తది తియ్." కాగితం పుస్తకం అయినా ఇక్కడ అంతే, పంట అవగానే దాన్ని కట్టగట్టి అటక మీద పడేస్తారు, పసుపు బొట్టు పెట్టి కొత్త పుస్తకం తీస్తారు, పంట బాగా వచ్చినా సరే, పోయినా సరే. నాకది ఎంతో నచ్చింది. ఆఫీసుకి వెళ్ళి రెండు రాత్రులు కూర్చుని సాఫ్ట్‌వేర్ మార్చాను, ప్రతి పంటకీ కొత్త ఖాతా, పాతదానితో ఏ ముడీ లేకుండా, తెరవగానే పసుపు రంగు గీత. రైతులు మురిసిపోయారు, నేనూ మురిసిపోయాను, మన మనుషుల మనసు తెలిసి చేశాను అనుకున్నాను. అదే తప్పు. ఆదిశేషమ్మ పంట మార్చిన ప్రతిసారీ మా లెక్కలో ఒక పాత మనిషి మానేసింది, ఒక కొత్త మనిషి వచ్చింది, ఆ కొత్త మనిషి యాడ్ నొక్కి వచ్చింది. మానేసిన వాళ్ళు ఎవరూ లేరు. వచ్చినవాళ్ళూ ఎవరూ లేరు.

ఏరేటర్ స్తంభానికి ఆనుకుని ఫోన్‌లో ఈ పంట కొత్త ఖాతాల జాబితా తెరిచాను, పేర్లు కాదు, నంబర్లు చూశాను, మొదటి ఏడాది గట్టు గట్టూ తిరిగి చేత్తో రాసుకున్న నంబర్లు, సగం నోటికి వచ్చు. చివర డెబ్బై రెండు, అది ఆదిశేషమ్మది. చివర జంట సున్నాలు, అది పెంచల్‌ది, ఫ్యాన్సీ నంబరు కోసం నెల్లూరు దాకా పోయి తెచ్చుకున్నాడు. ఇది వాకాడు వైపు రైతుది, ఇది ఆదిశేషమ్మ మరిదిది. వేలు కిందకి జరుగుతున్న కొద్దీ అందరూ నాకు తెలిసిన వాళ్ళే, అందరూ మనవాళ్ళే, నాకు చల్లటి నీళ్ళు తాగినట్టయింది, వెనకే భయం వేసింది. వెళ్ళిపోలేదు, సంతోషం. కానీ పెరగనూ లేదు, ఏడాదిన్నరగా మేం ఉన్నచోటే ఉన్నాం, పరిగెడుతున్నాం అనుకున్నాం. మధ్య మధ్యలో తెలియని నంబర్లు, ఒకటి, రెండు, పదకొండు, పదహారు, ఆ నంబర్ల మొదటి ఖాతాలన్నీ ఎనిమిది నెలల లోపువే. ఎవాంజెలిన్ వచ్చి ఎనిమిది నెలలు. ఎవరు కొత్తగా ఫోన్ చేసినా ఆమె, "మా గురించి ఎట్టా తెలిసింది సార్?" అని అడిగి బల్ల మీది పొడుగు నోటుపుస్తకంలో రాసుకుంటుంది, కంప్యూటర్లు ఉండగా ఇదెందుకమ్మా అని నరేంద్రబాబు నవ్వేవాడు, నేనూ నవ్వాను, ఒక్కసారైనా ఆ పుస్తకం తెరిచి చూడలేదు. పదహారే, పెద్ద సంఖ్య కాదు, దీంతో నాలుగు నెలల తర్వాత జీతాలు రావు. వాళ్ళంతా ఆ రాతలు చదివే వచ్చారని కూడా ఇక్కడ నిలబడి చెప్పలేను, పక్క చెరువువాడు చెప్పి ఉండవచ్చు. కానీ ఉన్న కొత్తవాళ్ళు ఆ పదహారుమందే.

తొమ్మిదీ నలభై. నా ఫోన్‌లో యాడ్‌ల ఖాతా తాళం ఉంది, నరేంద్రబాబుకీ నాకూ ఇద్దరికీ ఉంది, ఒకరికి చెప్పకుండా ఒకరం ముట్టుకోం, మూడేళ్ళలో ఎప్పుడూ ముట్టుకోలేదు. ముట్టుకున్నాను. మాటల జాబితాలో మా పేరు ఒక్కటే వెతికి పట్టుకుని, మడవ, దాని పక్కన ఆపు అన్నది నొక్కాను. పోటీవాళ్ళ యాడ్ పైకి వస్తే, ఆదిశేషమ్మ వేలు దాని మీద పడితే, ఆమెకి తేడా తెలియదు గదా, నిజంగానే మనిషి పోతుంది, నరేంద్రబాబు భయపడింది అదే. అతని మొహం ఎట్లా చూడాలి. పది నిమిషాలు ఆగాను, గుడ్డిగా అటూ ఇటూ నడిచాను, కొంగలు రాకుండా చెరువు మీద కట్టిన దారాల నీడ నీళ్ళ మీద గళ్ళు గళ్ళుగా కదులుతుంటే వాటిని చూశాను, ఒక కొంగ దారాల అవతల గట్టు మీద నిలబడి ఎంతో ఓపిగ్గా చూస్తోంది, దానికున్న ఓపిక నాకు లేదు. పెద్దమ్మా, ఇంకోసారి తెరువు. "ఇప్పుడే గదా తెరిచినా?" తెరువు పెద్దమ్మా. "మడవ తియ్." యాడ్ ఇంకా ఉంది. ఇంకో అయిదు నిమిషాలు. ఇంకోసారి తెరువు. "నీకేమైనా అయినాదా పాపా? పొద్దున ఏమన్నా తిన్నావా?" అంటూనే ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుంది. "మడవ తియ్."

యాడ్ లేదు. పోటీవాళ్ళూ లేరు. మొట్టమొదట మా పేజీయే, ఏ సుంకమూ లేకుండా, దాని కింద, రొయ్య పేగు తెల్లబడితే మొదటి రోజు ఏం చెయ్యాలి, ఎవాంజెలిన్ రాసింది, దాని కింద వాన నీళ్ళ మీద రాసింది. ఆదిశేషమ్మ వేలు పైదాని మీద పడింది, పేజీ తెరుచుకుంది. ఆమెకి ఏ తేడా తెలియలేదు. "చూసినావా, బాగానే ఉండాది గదా," అని ఫోన్ మళ్ళీ జాకెట్టులో దోపుకుని, "ట్రే ఎత్తుదాం రా," అంది.

చెక్క వంతెన మీద ఆమె వెనకే నడిచాను, నాలుగడుగుల చదరపు వల పళ్ళెం అది, గుప్పెడు మేత వేసి నీళ్ళలోకి దించుతారు, గంటన్నరకి ఎత్తి ఎంత మిగిలిందో చూసి తర్వాతి మేత కొలత వేస్తారు, ఆ కొలత రాసుకోవడానికే మా సాఫ్ట్‌వేర్ పుట్టింది. తాడు లాగింది. ట్రే నిండా రొయ్యలు చిటపటా ఎగురుతున్నాయి, మేత ఒక్క గింజ లేదు. ఆకలి మీద ఉన్నాయి, పెంచుతావా, అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపులో కాస్త జాలి ఉంది. "దగ్గరలో ఉండేటియ్యన్నీ ట్రేలోకే వచ్చి తింటాయి. అది చూసి పెంచినామంటే మేతంతా అడుక్కి పొయ్యి కుళ్ళుద్ది. నా మొగుడు అట్నే జేసి మొదటి పంట పోగొట్టినాడు." ట్రే పక్కన పెట్టి, ఫోన్ నా చేతికిచ్చి, చీర ఎగదోపుకుని, మెడ దాకా నీళ్ళలోకి దిగి, కాలితో అడుగు కెలికి, మునిగి, గుప్పెడు నల్లటి మట్టి తీసుకుని లేచింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. నేనూ ముందుకు వంగాను, నా చెరువు కాకపోయినా.

పదయింది. ఫోన్ చేశాను. సంతకం పెట్టొద్దు, ఎవాంజెలిన్‌ని తీసెయ్యొద్దు, అన్నాను. నరేంద్రబాబు గొంతు లేచింది, "చార్టు చూసినావు గదా నువ్వు?" చూశాను, అందులో ఉన్నది అంతా మనవాళ్ళే, కొత్త పుస్తకం తీసిన పాతవాళ్ళే, నంబర్లు చూడు, నేనిప్పుడే పంపుతున్నా, ఇంకోటి, మన పేరు మీద యాడ్ నేను ఆపేశాను, నీకు చెప్పకుండా. కింద ఎరువుల దుకాణంలో ఎవరో బస్తా దింపిన చప్పుడు ఫోన్‌లోంచి వచ్చింది. "అంటే మనకి ఎవరూ కొత్తగా రాలేదా?" అన్నాడు చివరికి, ఆ గొంతులో కోపం లేదు, పంట పోయిందని తెలిసినప్పుడు వాళ్ళ నాన్న గొంతు ఇట్లాగే ఉండేదేమో. పదహారుమంది వచ్చారు, అన్నాను, వాళ్ళు ఎట్లా వచ్చారో ఎవాంజెలిన్ నోటుపుస్తకంలో ఉంటుంది, తీసి చూడు. నాలుగు నెలల్లో ఏమవుతుందో నాకు తెలియదు, భయంగానే ఉంది, అని కూడా అన్నాను. "ఆ పాప ఇక్కడే ఉంది," అన్నాడు, "బీరువా తాళాలు ఇచ్చి పోదామని వచ్చినాది." ఆమెకివ్వు ఫోన్.

"అక్కా," అంది ఎవాంజెలిన్. ఏం చెప్పాలో రైలు కిటికీలో ఆ మొహం ముందు ఎన్నోసార్లు అనుకున్న మాటలన్నీ పోయాయి, నిన్న నేను కీబోర్డు చూస్తూ కూర్చున్నందుకు క్షమించమనాలి, ముందు అది, కానీ నోటికి వచ్చింది వేరే. ఆ సగం రాసిన ముక్క ఎక్కడ ఆగిందే? "ట్రే ఖాళీగా వస్తే మేత పెంచాలా అని పైన రాసి ఆపినానక్కా. ఆదిశేషమ్మ గారు చెప్తా చెప్తా పెట్టేసినారు. తెలీకుండా ఎట్టా రాసేది?" నేను వంతెన మీద మోకాళ్ళ మీద కూర్చుని స్పీకర్ వేసి ఫోన్‌ని నీళ్ళలో నిలబడిన ఆదిశేషమ్మ చెవి దగ్గర పెట్టాను. ఆమె మట్టి గుప్పెటని అట్లాగే పైకి పట్టుకుని, "పాపా, ఆ పొద్దు కరెంటు పొయ్యినాది," అని మొదలుపెట్టింది, "ఇప్పుడు చెప్తా, రాసుకో. ట్రే చూసి పెంచొద్దను. ముందు నీళ్ళలోకి దిగమను. అడుగు మట్టి తీసి వాసన చూడమను." ఎవాంజెలిన్ ఉద్యోగం పోలేదన్న మాట నేనింకా చెప్పనే లేదు. "కాస్త నిదానంగా చెప్పండి పెద్దమ్మా," అంటోంది ఎవాంజెలిన్, "రాసుకుంటా ఉండా."